తప్పంతా పాత బండిదే

"కారు ఇయ్యాలనే పోవాలె," అంది రాజకుమారి మళ్లీ. "రేపు పొద్దుగాల లేచేసరికి అది నా కండ్ల ముందు ఉండొద్దు."

హర్ష తింటున్న ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపాడు.

"కొనేటాయన సాయంత్రం వస్త అన్నడు కదమ్మా. చూసుకుంటడు, నచ్చితే తీస్కపోతడు. లేచిన కాడికెల్లి ఒక్కటే మాట."

"నచ్చకపోతే?"

"నచ్చకపోతే ఇంకొకరు వస్తరు."

"ఇంకొకరు వద్దు. ఎంతిస్తే అంతకు ఇచ్చెయ్. ఊరికే తీస్కపోతనన్నా ఇచ్చెయ్."

హర్ష తల్లి ముఖంలోకి చూశాడు. రెండేళ్లుగా ఇదే టేబుల్ దగ్గర కూర్చుని ఇదే కారు అమ్మేద్దామని వాదించినవాడు తనే. రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బండి. రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయి, మళ్లీ పొడిగించుకున్న బండి. ఏసీ వేస్తే చాలు, ఇంజను మూలుగుతుంది. అతను ఎప్పుడు అమ్మకం మాటెత్తినా రాజకుమారిది ఒకటే జవాబు. "నడిపేది నేనా, నువ్వా?" దాంతో ఆ మాట అక్కడే ఆగిపోయేది.

ఆ మనిషే ఇప్పుడు ఊరికే ఇచ్చెయ్యమంటోంది.

కీర్తన వంటింట్లోంచి చట్నీ గిన్నె తెచ్చి పెట్టింది. ఆమె పుట్టింటివాళ్లు కాకినాడ వైపు నుంచి ఎప్పుడో వచ్చి దోమలగూడలో స్థిరపడ్డారు. పెళ్లయి అశోక్‌నగర్‌లోని ఈ ఫ్లాటుకు వచ్చి ఏళ్లవుతున్నా ఆమె మాట తీరు మారలేదు.

"అమ్మేద్దాం అత్తయ్యా, మంచిదే. కానీ దాని బదులు ఏదో ఒకటి కొనాలి కదా. చిన్నది, ఆటోమేటిక్ చూద్దాం. క్లచ్ గొడవుండదు. మీ మోకాలికీ హాయి."

"నాకు కొత్తది వద్దు."

"పోనీ సెకండ్ హ్యాండ్‌లో..."

"ఏదీ వద్దన్న కదా కీర్తనా."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కీర్తన ఇంకో మాట అనగలిగేదేమో.

"మరి నాన్న?" అన్నాడు హర్ష. "నారాయణగూడకు ఎట్ల పోతడు స్పీచ్ థెరపీకి?"

"ఆటోల పోతం."

"నాన్న కాలు ఆటో మెట్టు మీదికి లేస్తదా?"

"క్యాబ్ పిలుస్త."

"పోయిన వారం కూడ గదే అన్నవ్. పిలిచినవా? ఒక్కరోజన్న పోయిన్రా?"

పోలేదు, నిజమే. వారం నుంచి రాజకుమారి ఇంటి గడప దాటలేదు.

గోడవారగా చేతుల కుర్చీలో రాఘవేందర్ కూర్చుని ఉన్నాడు. ఏడాదిన్నర కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంచెం దారికొచ్చింది. మాట మాత్రం రాలేదు. ఒకప్పుడు బీమా ఆఫీసులో కౌంటర్ అవతలివాళ్లకు ఊపిరి తీసుకోనివ్వకుండా మాట్లాడిన మనిషి. అంతా అర్థమవుతుంది, ఏదీ నోటి దాకా రాదు.

రాజకుమారి ఇడ్లీ తుంచి చట్నీలో అద్ది ఆయన నోటి దగ్గర పెట్టింది.

"ఏమండి, జర తినండి."

ఆయన ముఖం తిప్పుకున్నాడు.

వారం నుంచి ఇంతే. ఆమె చేత్తో పెడితే నోరు తెరవడు. రాజకుమారి ప్లేటు కోడలి చేతికిచ్చి లేచింది. కీర్తన వచ్చి పెడితే తిన్నాడు.

హర్షకు తల్లి మీద జాలి కలిగింది.

"అమ్మా, కింది ఫ్లాట్ల పద్మక్క కాలికి దెబ్బ తగిలినందుకు నీకెంత బాధయితుందో నాకు తెల్వదా? కానీ బ్రేకు పడకపోతే నువ్వేం చేస్తవ్? ఎవరన్న నిన్నొక్క మాటన్నరా? పద్మక్కనే అనలే. తప్పు నీది కాదు, బండిది. పాత బండి."

"అందుకే పోనియ్ అంటున్న."

"పోనిస్త. ముందు మెకానిక్‌కు చూపించి బ్రేకులు సరిచేయించాలె కదా. బ్రేకుల్లేని బండిని ఎవరు కొంటరు?"

"మెకానిక్ వద్దు!"

కీర్తన చేతిలో చెంచా ఆగింది. రాఘవేందర్ తలెత్తి భార్య వైపు చూశాడు.

రాజకుమారి కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా. "ఆదివారం పూట ఎవరుంటరు మెకానిక్‌లు? అమ్మే బండికి ఎందుకు మళ్ల ఖర్చు?"

"నారాయణగూడల ఉంటరు," అంటూ హర్ష తాళంచెవి తీసుకున్నాడు. "గల్లీల పొంటి మెల్లగ పోత. నువ్వు పరేషాన్ గాకు."

*

బాల్కనీలోంచి చూస్తే వీధి ఎప్పటిలాగే ఉంది. కోచింగ్ సెంటర్ల పిల్లలు టీ బండి చుట్టూ నిలబడి ఏదో ప్రశ్న మీద వాదించుకుంటున్నారు. వాళ్ల మధ్యలోంచి తెల్ల కారు మెల్లగా మలుపు తిరిగింది. అది కనబడకుండా పోయేదాకా రాజకుమారి చూసింది. పోయాక కూడా అక్కడే నిలబడింది.

ఆ కారు కొన్నప్పుడు ఇంట్లో ఎవరికీ డ్రైవింగ్ రాదు. రాఘవేందర్‌కు స్టీరింగ్ పట్టుకుంటేనే చెమటలు పోసేవి. జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే రాజకుమారే ఇందిరా పార్కు వెనక రోడ్ల మీద నేర్చుకుంది. ఆమె నడుపుతుంటే ఆయన పక్క సీట్లో కూర్చుని "మెల్లగ, మెల్లగ" అనేవాడు. యాదగిరిగుట్ట దాకా అదే మాట. ఆమె విసుక్కునేది. "మీ నోట్ల ఇంకో మాట లేదా?" అనేది.

ఆయనకు పక్షవాతం వచ్చిన తెల్లవారుజామున హర్ష బెంగళూరులో ఉన్నాడు. అంబులెన్సు కోసం చూడకుండా, వాచ్‌మన్ సాయంతో ఆయన్ను సీట్లో కూర్చోబెట్టి, హైదర్‌గూడ ఆస్పత్రికి ఆమే తీసుకుపోయింది. ఇంకొంచెం ఆలస్యమయితే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. ఆ తర్వాత ఎవరైనా ఆ కారు అమ్మేయమంటే ఆమెకు ఒళ్లు మండేది.

థెరపీకి కూడా ఆమే తీసుకెళ్లేది. కింది ఫ్లాటు పద్మ కూతురు రాగిణి కాలేజీ అటే కాబట్టి, ఆ పిల్లనూ వెనక సీట్లో ఎక్కించుకునేది. పద్మ ప్రైవేటు బడిలో టీచరు. పొద్దున్నే ఉరుకులు పరుగులు. "నువ్వు లేకుంటే నేనేమైపోదునో అక్కా" అనేది.

బోనాల ముందు కళ్లద్దాలు మార్చుకుందామని రాజకుమారి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఒక్కతే వెళ్లింది. ఆయన చాలాసేపు పరీక్ష చేశాడు. కుడి వైపు చూపు పక్క నుంచి పోతోందన్నాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, కుడి పక్కనున్నది కనబడదు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కలు వేసుకోవాలన్నాడు. ఆమె లేవబోతుంటే అడిగాడు, "బండి నడుపుతరా అమ్మా?" అని.

"అప్పుడప్పుడు," అంది.

"ఆపెయ్యండి."

ఆపెయ్యాలనే అనుకుంది. మర్నాడు థెరపీ ఉంది. ఆ తర్వాతి రోజూ ఉంది. ఆయనకు అప్పుడప్పుడే "అ" అనడం వస్తోంది. తెలిసిన రోడ్లే కదా, రోజూ పోయే దారే కదా అనుకుంది. మెడ కొంచెం ఎక్కువ తిప్పి చూస్తే సరిపోతుందనుకుంది. చాలా రోజులు సరిపోయింది కూడా.

పోయిన సోమవారం అపార్ట్‌మెంటు గేటులోకి కారు తిప్పుతుంటే పక్క సీట్లో రాఘవేందర్ "ఆ... ఆ..." అన్నాడు. నీళ్లు అడుగుతున్నాడనుకుంది. "వచ్చేసినం, ఇంట్ల తాగుదురు" అంది. తర్వాత వినబడింది పద్మ కేక. గేటు స్తంభానికీ కారుకూ మధ్య పద్మ. కూరగాయల సంచి చిరిగి టమాటాలు దొర్లిపోతున్నాయి.

జనం పోగయ్యారు. ఎవరో "ఏమైందమ్మా?" అని అడిగారు. రాజకుమారి నోటి నుంచి ఆ మాట తనంత తానే వచ్చింది.

"బ్రేకు పడలే."

అందరూ తలలూపారు. పాత బండి కదా.

*

హర్ష మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చాడు. చెప్పులు విప్పి నేరుగా తల్లి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. రాజకుమారి మంచం మీద బట్టలు మడతపెడుతోంది.

"మెకానిక్ షాపు బంద్ ఉంది," అన్నాడు.

"చెప్పిన కదా."

"వాపస్ వస్తుంటే గల్లీల ఒక ఆటో సడెన్‌గ ఆగింది. బ్రేకు కొట్టిన. ఏడిదాడ ఆగింది బండి."

రాజకుమారి మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్లీ మడతపెట్టింది.

"తర్వాత ఇందిరా పార్కు కాడ ఖాళీ రోడ్డు మీద కొట్టి చూసిన. ఎన్నిసార్లు కొట్టినా పడ్డది. బ్రేకులు బాగున్నయమ్మా."

"ఆ రోజు పడలేదేమో. ఒక్కోసారి గట్లయితది."

"బ్రేకు గట్ల కాదు."

"నీకేం తెలుసు? నువ్వు నడిపినవా ఆ బండిని ఎప్పుడన్న? దాని సంగతి నాకు తెలుసు."

"నాకు తెల్వదు, సరే. నాన్నకు తెలుసు కదా. పక్క సీట్లనే ఉండె. నాన్నను అడగాల్నా?"

"నాన్నకు మాట వస్తదా అడగడానికి?"

అన్నాక గాని ఆ మాట ఏమిటో ఆమెకు తెలియలేదు. ఏడాదిన్నర నుంచి ఆ మాట కోసమే ఆమె తిరగని డాక్టరు లేడు, మొక్కని దేవుడు లేడు. ఈ వారం రోజుల్లో ఒక్కసారి కూడా ఆయనకు మాట రావాలని కోరుకోలేదు. పూజ గదిలో దీపం వెలిగించింది గాని ఆ ఒక్కటీ అడగలేదు.

తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. కింద ఎవరి ఫ్లాటులోనో కుక్కర్ కూత వేసింది.

"కుడి పక్క కనబడదు నాకు," అంది.

హర్షకు మొదట అర్థం కాలేదు. ఆమె తన కుడి చెయ్యి చెవి దగ్గరకెత్తి వేళ్లు ఆడించి చూపించింది. "ఇది కనబడదు. పద్మ ఈడ ఉండె."

అతను మంచం అంచున కూర్చున్నాడు.

"ఎవరికన్న చెప్పినవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చెప్పకు," అన్నాడు.

రాజకుమారి తలెత్తింది. కొడుకు అరుస్తాడనుకుంది, ఎందుకిట్ల చేసినవని నిలదీస్తాడనుకుంది. ఈ మాట వస్తుందనుకోలేదు.

"ఎవరికీ చెప్పకు. పద్మక్క వాళ్లాయన రాజీవన్న మంచోడే గని, ఇది తెలిస్తే ఊకోడు. డాక్టర్ వద్దన్నంక కూడ నడిపినవని తెలిస్తే కేసయితది. ఈ వయసుల స్టేషన్ల చుట్టు తిరుగుతవా? బండి ఇయ్యాల పోతది. ఇగ నువ్వు స్టీరింగ్ ముట్టొద్దు. నాన్నకు డ్రైవర్‌ను పెడత. అయిపోయింది. బ్రేకు పడలే, అంతే."

తలుపు తెరుచుకుంది. కీర్తన గుమ్మంలో నిలబడి ఉంది. ఎంత విందో ఇద్దరికీ తెలియలేదు. ఆమె మాట్లాడాక తెలిసింది.

"సాయంత్రం వచ్చేవాళ్లకి ఏం చెబుతావు హర్షా?"

"ఏం చెప్పాలె?"

"కొనేవాళ్లకి బ్రేకులు బాగున్నాయనే చెబుతావు కదా. కింద పద్మగారికేమో పాడయ్యాయని చెప్పాం. ఒకే కారుకి రెండు మాటలు ఎలా చెబుతావు?"

"రిపేర్ చేయించినం అంటం. నువ్వు లోపలికి పో."

"నేను రోజూ ఆవిడకి అన్నం తీసుకెళ్తున్నాను. నిన్న ఆవిడేమన్నారో తెలుసా? 'మీ అత్తమ్మకు చెప్పు, మనసుల పెట్టుకోవద్దని. యంత్రం చేసిన దానికి మనిషేం చేస్తది' అన్నారు. బడి వాళ్లు ఆవిడ స్థానంలో వేరే టీచర్ని తీసుకుంటున్నారట. అది చెబుతూ కూడా మీ అమ్మగారి గురించే బాధపడ్డారు. రేపు నేనేం ముఖం పెట్టుకుని వెళ్లాలి?"

"నా తల్లిని జైలుకు పంపుమంటవా?"

"నేనలా అన్నానా?"

"ఇంకేమన్నట్టు?"

రాజకుమారి ఇద్దరినీ చూసింది. కొడుకు లేచి ఆమె కుడి పక్కన నిలబడ్డాడు. అతని ముఖం చూడాలంటే మెడ తిప్పాల్సి వచ్చింది. తిప్పలేదు.

"తిన్నంక మాట్లాడుకుందురు," అంది. "నాన్నకు ఆకలైతుండొచ్చు."

ఆ మధ్యాహ్నం ఎవరూ సరిగా తినలేదు.

*

సాయంత్రం ఏడుకొండలు వచ్చాడు. చిక్కడపల్లి మార్కెట్ దగ్గర పాత కార్లు కొని అమ్మే మనిషి. ఆరడుగుల ఎత్తు, పెద్ద గొంతు. పక్కనున్న వాళ్లతో మాట్లాడినా వీధి చివరకు వినబడుతుంది.

కారు గేటు లోపల, పద్మ వాళ్ల కిటికీ ఎదుట ఆగి ఉంది. కిటికీ తెరిచే ఉంది. లోపల పద్మ కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని కూర్చోవడం హర్షకు కనబడింది. ఆమె పలకరింపుగా చెయ్యెత్తింది. హర్ష కూడా ఎత్తాడు.

"బయటికి తీసి చూద్దామా అన్నా?" అన్నాడు ఏడుకొండలుతో.

"బయట జాగెక్కడిది? మొత్తం పోరగాళ్లే. ఈడనే చూస్త."

బానెట్ ఎత్తాడు, దించాడు. కూర్చుని స్టార్ట్ చేశాడు. గేటు దాకా ముందుకు పోనిచ్చి టక్కున ఆపాడు. వెనక్కి తెచ్చి మళ్లీ ఆపాడు. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచినట్టే అన్నాడు.

"కిలోమీటర్లు మస్తు తిరిగినయ్ గని, బండి సక్కగున్నది. బ్రేకులైతే అసలు మాట్లాడే పని లేదు, సూపరున్నయ్!"

హర్ష తల తిప్పకుండా ఉండాలనుకున్నాడు. తిరిగింది. కిటికీలో పద్మ చెయ్యి మళ్లీ కాస్త పైకి లేచింది. అది మెల్లగా కిందికి దిగింది.

"రిపేర్ చేయించినం," అన్నాడు హర్ష గట్టిగా, ఏడుకొండలు వైపు చూస్తూ. "మొన్ననే."

"చేయించిన జాడ లేదు గద సార్," అన్నాడు ఏడుకొండలు నవ్వుతూ. "ఎట్లున్నా నాకు ఫికర్ లేదు. పైకి పోయి కాయితాలు చూద్దాం పా."

ఫ్లాటులోకి వచ్చి కూర్చోగానే ఏడుకొండలుకు ఎవరో ఫోన్ చేశారు. సిగ్నల్ సరిగా రావడం లేదని మాట్లాడుకుంటూ బాల్కనీలోకి పోయాడు. అప్పుడే లిఫ్టు తలుపు చప్పుడైంది. తర్వాత చంకకర్ర నేలకు తగిలే చప్పుడు.

కీర్తన పరుగున వెళ్లి తలుపు తీసింది.

పద్మ ఒక చేత్తో చంకకర్ర, ఇంకో చేత్తో కూతురి భుజం పట్టుకుని లోపలికి వచ్చింది. రాగిణి కుర్చీ జరిపితే కూర్చుంది. ఆ కాస్త దూరానికే ముఖమంతా చెమట పట్టింది. రాజకుమారి లేచి నిలబడింది.

"మీరెందుకు వచ్చారండీ ఈ కాలితో? పిలిస్తే మేమే వచ్చేవాళ్లం కదా," అంది కీర్తన.

"ఏం లేదమ్మా. అక్కను చూసి వారమైతుంది. కిందికి దిగుతనే లేదు." పద్మ ఆయాసం తీర్చుకుంది. "కారు అమ్ముతున్నరా అక్కా?"

"ఆఁ."

"బ్రేకులు మంచిగున్నయంట గదా."

బాల్కనీలోంచి ఏడుకొండలు నవ్వు వినబడింది.

"మొన్న చేయించినం పద్మక్కా," అన్నాడు హర్ష. "పాడైన బండిని అమ్ముడు తప్పు కదా అని..."

"మొన్న ఎప్పుడు? నేను పొద్దంత ఆ కిటికీ కాడనే కూసుంట. బండి ఇయ్యాల పొద్దుగాల దాంక కదల్లే."

"మెకానిక్కే ఇక్కడికి వచ్చి..."

"కా..." అన్నాడు రాఘవేందర్.

అందరూ అటు తిరిగారు. ఆయన ఎడమ చేత్తో కుర్చీ పట్టుకుని ముందుకు వంగాడు. మెడ నరాలు తేలాయి. "కా... కా..." పెదవి ఒక పక్కకు లాగుకుపోతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాఫీ కావాల్నా నాన్నా?" అన్నాడు హర్ష తొందరగా. "కీర్తనా, కాఫీ..."

ఆయన ఎడమ చేత్తో కుర్చీ చేతి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"ఏమంటున్నడక్కా బావ?" అని పద్మ అడిగింది.

ఆయన మాట ఆ ఇంట్లో ఎవరికైనా తెలిస్తే రాజకుమారికే తెలుస్తుంది. ఏ శబ్దానికి ఏ అర్థమో ఆమే మిగతావాళ్లకు చెప్పాలి. ఆమె భర్త వైపు చూసింది. వారం తర్వాత ఆయన ఆమెను నేరుగా చూస్తున్నాడు. ఆ చూపులో కోపం ఉంటుందని భయపడింది. కోపం లేదు. నీళ్లు కావాలని ఎలా చూస్తాడో అలా చూస్తున్నాడు.

"కాదంటున్నడు," అంది.

"అమ్మా!" అన్నాడు హర్ష.

"హర్ష చెప్పేది నిజం కాదంటున్నడు. రిపేర్ ఎవరూ చెయ్యలే పద్మా. బ్రేకులు ఎప్పుడూ మంచిగనే ఉన్నయి. నేనే కొట్టలే. నువ్వు నాకు కనబడలే. కుడి పక్క నాకు చూపు లేదు."

పద్మ కట్టు కట్టిన కాలు వైపు చూసుకుంది. పైకి లేచిన చీర అంచును కిందికి లాక్కుంది.

"అంటే బండిది కాదు," అంది.

"కాదు."

"ఆస్పత్రిల నా చెయ్యి పట్టుకుని ఏడ్చినవ్. పాడు బండి, పాడు బండి అని తిట్టినవ్. నేను నిన్ను ఊకోబెట్టిన."

"పద్మక్కా, అమ్మ కావాలని..." హర్ష మొదలుపెట్టాడు.

పద్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు ఆగు హర్షా. నువ్విప్పుడు నా మొఖం మీదనే అబద్ధం చెప్పినవ్." మళ్లీ రాజకుమారి వైపు తిరిగింది. ఆమె కళ్లు కూతురి దాకా పోయి వచ్చాయి. అప్పుడే ఏదో తట్టినట్టు గొంతు మారింది. "నా బిడ్డ నీ కార్లనే పోయింది కదా అక్కా రోజూ. ఎప్పట్నుంచి కనబడతలేదు నీకు?"

డాక్టరు మాట, బోనాల ముందు వీధిలో కట్టిన వేపాకు తోరణాలు, అన్నీ ఒక్కసారిగా రాజకుమారి కళ్ల ముందు తిరిగాయి. చెప్పేద్దామనే నోరు తెరిచింది. ఎదురుగా రాగిణి నిలబడి ఉంది, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ.

"ఈమధ్యనే పద్మా," అంది.

రాఘవేందర్ కళ్లు మూసుకున్నాడు.

బాల్కనీలోంచి ఏడుకొండలు ఫోన్ జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చాడు. "మరి తాళాలిస్తరా అమ్మా?" అనబోయి, అందరి ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈమధ్యనే కాదు గదా ఆంటీ," అంది రాగిణి.

మెల్లగా, తప్పు చేసింది తనే అయినట్టు అంది. పద్మ కూతురి వైపు తిరిగింది.

"దసరా సెలవులకు ముందు, బర్కత్‌పుర మలుపు కాడ, కుడి పక్క నుంచి వచ్చిన బండి..." రాగిణి చున్నీ కొస వదిలేసింది. "అమ్మకు చెప్పకు బిడ్డా అన్నరు. నేను ఎవరికీ చెప్పలే."

"ఏమైందే మలుపు కాడ?" పద్మ చంకకర్ర పట్టుకుని లేవబోయింది. కాలు సహకరించలేదు. "రాగిణీ, నిన్నే. ఏమైంది?"

రాగిణి తల్లి వైపు చూడలేదు. రాజకుమారినే చూస్తోంది.

"నేను చెప్పాల్నా ఆంటీ, మీరే చెప్తరా?"